రాళ్లచెరువు బోర్డు మీద నాలుగో లైను

ఆ బోర్డు మొండయ్య తన చేత్తో రాసింది. ధర్మసాగర్ అవతల, రాళ్లచెరువు కట్ట మీద, నీలం రంగు రేకు మీద తెల్లటి అక్షరాలు. చేపల సొసైటీలో నలభై మంది ఉంటే, ఆ నలభై మందికీ బోర్డంటే ఎంత భయమో మొండయ్యంటే దానికి రెండింతలు. మనిషి అట్లాంటివాడు మరి! అరచేతికన్నా చిన్న రొయ్య బుట్టలో కనబడిందా, సొంత మేనమామనైనా సరే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. వెనకాల అందరూ 'రూలు మొండయ్య' అనేవాళ్లు. తమ్ముడు యాకయ్యయితే ఎదుటే అనేవాడు. "మా అన్న కలల గూడ రొయ్యలను కొలుస్తడే" అని నవ్వేవాడు.

రాళ్లచెరువులో రొయ్యలు వలకు చిక్కవు. కట్ట కింద పేర్చిన బండరాళ్ల సందుల్లో దాక్కుంటాయి. ఒకడు నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి, చేతులతో పట్టుకొస్తాడు. ఇంకొకడు కట్ట మీద ఆ తాడు పట్టుకుని కూచుంటాడు. బోర్డు మీద నాలుగే లైన్లు. ఒంటరిగా దిగొద్దు. అరచేతికన్నా చిన్నది పట్టొద్దు. గుడ్లున్న రొయ్య పొరపాటున పైకొస్తే, మళ్లీ మునిగి, ఏ సందులోంచి తెచ్చారో ఆ సందులోనే వదలాలి. ఒడ్డు మీంచి విసిరితే చేపలు మింగుతాయని ఆ నియమం. ఇక నాలుగోది, దిగేవాడు ఊపిరి చాలదని అంటే తాడు పట్టినవాడు ఎదురు మాట్లాడొద్దు.

పదిహేనేళ్లుగా మొండయ్య తాడు పడితే దిగేది యాకయ్యే. భార్య పోయాక మొండయ్య తిండి కూడా తమ్ముడింట్లోనే. మరదలు సరోజన మధ్యాహ్నం పూట గడపలో నిలబడి "బావా, బువ్వ పెట్టిన" అని కేకేసేది. ఆ కేక కోసమే అతను అరుగు మీద చెవులు అప్పగించి కూచునేవాడు.

ఆ బుధవారం యాకయ్యకు దగ్గు. అయినా ఆరుసార్లు మునిగి బుట్ట నింపాడు. ఇక ఇంటికి పోదామని ముడి విప్పుకుంటుంటే, మొండయ్య అలవాటుగా బుట్టలో చెయ్యిపెట్టి కెలికాడు. అడుగున పెద్ద రొయ్య ఒకటి, కడుపు కింద గుత్తులు గుత్తులుగా గుడ్లు.

"ఏందిరా ఇది?"

"సూడలేదన్నా. గీ ఒడ్డు మీదికెంచే మెల్లగ ఇడిశిపెడ్త తియ్యి."

"మునిగి, దాని సందుల వెట్టి రా."

"ఇయ్యాల వద్దే అన్నా. ఊపిరి అందుతలేదు. జర నిమ్మలమైనంక పోత."

"అప్పటిదాంక అది బతుకుతదా? దాని కడుపుల ఎన్ని పాణాలున్నయో ఎర్కేనా నీకు? నా తమ్మునివని నీకో రూలు, ఊరోళ్లకో రూలా? పో!"

యాకయ్య అన్న మొహంలోకి ఒకసారి చూశాడు. అన్నకు ఎదురు చెప్పడం అతనికి పుట్టుకతో రాలేదు. దగ్గుతూనే నవ్వి, ముడి బిగించుకుని, రొయ్యను గుప్పిట్లో పెట్టుకుని మునిగాడు.

తాడు రాళ్ల మధ్య ఇరుక్కుంది. మొండయ్య లాగాడు, అరిచాడు, తనూ దూకాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఎంత లోతుకని పోగలడు? అవతలి గట్టున ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి, ముడి ఊడిన తాడు వట్టిగా నీళ్ల మీద తేలుతోంది.

"ఎట్లాయెనే ఇది?" అని సొసైటీ పెద్ద వెంకట్రాజం భుజాలు పట్టి కుదిపాడు.

"వద్దన్న. ఇనలే. గుడ్ల రొయ్యను వెట్టొస్తనని తనే దిగిండు," అన్నాడు మొండయ్య.

అయ్యో, ఆ నోరు ఎన్నడూ అబద్ధమాడి ఎరగదు! ఆడిన ఒక్కటీ పోయిన తమ్ముడి మీద ఆడింది.

మర్నాడు పొద్దున హనుమకొండ నుంచి విజయ్‌కుమార్ అనే బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. సెలవులు దొరికితే సముద్రాలకు పోయి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సరదాకు దిగే మనిషి. కబురు విని, తోటివాడిని ఒకణ్ని వెంటబెట్టుకుని తనంతట తానే వచ్చాడు. గంటలో యాకయ్యను పైకి తెచ్చారు. సరోజన గుండెలు బాదుకుంటుంటే కట్ట మీది మగవాళ్లు కూడా చూడలేక మొహాలు తిప్పుకున్నారు.

విజయ్‌కుమార్ నీళ్లు కారుతూనే బోర్డు ముందు నిలబడి చదివి, పక్కనున్న మొండయ్యతో అన్నాడు. "ఎవలు రాసిన్రో గని మంచిగ రాసిన్రు పెద్దనాయినా. సముద్రంల పెద్ద రొయ్యలు పట్టే తాన గూడ గుడ్లున్నదాన్ని ముట్టద్దంటరు. గీ నాలుగోదైతే మాకు అన్నిటికన్న ముందు నేర్పిన్రు. వద్దన్నోని మాటే ఆఖరు. ఎందుకని గూడ అడగద్దు."

మొండయ్య బోర్డుకు వీపు తిప్పి అక్కడే కూచుండిపోయాడు. తమ్ముడి మీది బెంగ అనుకున్నారంతా.

ఆ అబద్ధమే సరోజనకు ఊతకర్ర అయింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ ఏడుస్తూనే చెప్పేది. "గా తల్లి రొయ్య కోసం పాణమిచ్చిండు మా ఆయన. ఎవ్వలు జెప్పకున్న దిగిండు." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె మెడ కాస్త నిలబడేది. అది విన్న పూట మొండయ్య కంచం ముందునుంచి లేచిపోయేవాడు. నిజం చెబితే తన పరువు పోతుంది, పోతే పోనీ. ఆమెకు మిగిలిన ఆ ఒక్క గర్వం కూడా తన చేత్తోనే లాక్కోవాలి కదా! చెప్పకపోతేనో, అన్న ఎంత వద్దన్నా వినని మొండివాడిగా యాకయ్య మిగిలిపోతాడు.

దినాలైన మర్నాడు సొసైటీ కట్ట మీద కూడింది. బోర్డు కింద యాకయ్య పేరు రాయిద్దామన్నాడు వెంకట్రాజం. తెల్ల పెయింటు డబ్బా, కుంచె తెచ్చి మొండయ్య చేతికే ఇచ్చాడు. "నువ్వే రాయన్నా. తల్లి రొయ్య కోసం తనంతట తానే దిగిన యాకయ్య, అని."

మొండయ్య కుంచె ముంచి 'తల్లి' వరకు రాశాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"నాతోని గాదు," అన్నాడు. "తనంతట తాను దిగలే వాడు. నేనే దింపిన. ఊపిరి అందుతలేదన్నడు, ఇయ్యాల వద్దన్నడు. నేనే పో అన్న. మీకు అబద్ధం జెప్పిన."

కట్ట మీద ఒక పక్కగా కూచుని ఉన్న సరోజన లేచింది. అయిదో తరగతి చదివిన మనిషి. బోర్డు దగ్గరకొచ్చి, నాలుగో లైను కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. చివరిదాకా చదివాకే వేలు తీసింది.

"ఇది ఎవలు రాసిన్రు బావా?"

"నేనే."

"ఊరందరికి రాసినవు. మా ఆయనకు లేకపాయెనా?"

రూలు మొండయ్య ఏడవడం ఊరు ఏనాడూ చూడలేదు, ఆ పూట చూసింది. సరోజన ఓదార్చలేదు, తిట్టనూ లేదు. పది రోజులుగా నిలబెట్టుకున్న మెడ మాత్రం వాలిపోయింది. అట్లాగే ఇంటికి నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం మొండయ్య అరుగు మీద కూచున్నాడు. పిలుపు రాదని తెలుసు, వచ్చినా ఆ గడప తొక్కే మొహం లేదనీ తెలుసు. సరోజనే వచ్చింది. కంచం అతని ముందు పెట్టింది. బువ్వ, పప్పు, ఎప్పటిలాగే పక్కన ఉల్లిగడ్డ ముక్క.

"ఆయనుంటే నిన్ను పస్తు పండనియ్యకపోవు. అందుకే తెచ్చిన," అని వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచీ ఏ పూటా అన్నం తప్పలేదు. బావా అని మాత్రం మళ్లీ పిలవలేదు.