అరచేతి పరీక్ష

ఎడమ అరచేతిలో ఎసెన్సు మూడో బొట్టు వేసుకుని పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. మళ్లీ చల్లగానే తగిలింది. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో గట్టిగా రుద్దుకుని, పీపాల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి నాలుగో బొట్టు వేసుకున్నాడు. అదీ అంతే.

ముప్పై ఒక్కేళ్లుగా ఈ పానీయాల ఫ్యాక్టరీలో ఆయన పని ఇదే. ఇక్కడ బార్లీతో చేసే పానీయంలో నురగ ఉంటుంది, మత్తు ఉండదు. సువాసనకు కలిపే ఎసెన్సును కొందరు స్పిరిట్‌లో కరిగిస్తారు, కొందరు గ్లిజరిన్‌లో. స్పిరిట్ అయితే అరచెయ్యి చల్లబడి, బొట్టు చూస్తుండగానే ఆరిపోతుంది. అలాంటి డబ్బాను ఆయన వచ్చిన దారినే పంపేస్తాడు. మసీదు వీధిలో ముసలివాళ్లు పెట్టె మీద ఆయన సంతకం చూసుకుని మరీ కొంటారు. అందరికీ ఆయన అరచెయ్యి మామయ్య. ఒకప్పుడు ఈ సీసాల్ని చూసి ముసిముసిగా నవ్విన బీరు కంపెనీలే ఇప్పుడు వరసలో నిలబడి ఇక్కడ సరుకు చేయించుకుంటున్నాయి. గేటు దగ్గర హారన్ కొడుతున్న లారీ అలాంటి కంపెనీదే.

చిన్న యజమాని కాగితం పట్టుకుని వచ్చాడు.

“మామయ్యా, స్పిరిట్ లేదని ల్యాబువాళ్లు రాసిచ్చారు కదా. ఒక్క సంతకం పడేయండి. లారీవాడు నా ప్రాణం తోడేస్తున్నాడు.”

“ల్యాబువాళ్లు తాగరు బాబూ. తాగేవాళ్లు నన్నడుగుతారు. రేపు పైవాడూ నన్నే అడుగుతాడు.”

అన్నాడే గానీ కాలు నిలవలేదు. స్టూలు మీద కూర్చున్నాడు, లేచాడు. ఏదో తోచి, అలమరలోంచి వట్టి గ్లిజరిన్ తీసి వేసుకున్నాడు. అదీ చల్లగానే ఉంది. పొద్దున ఇంట్లో జరిగింది గుర్తొచ్చింది.

పొద్దున టీ గ్లాసు అందిస్తూ భార్య ఆయన వేళ్లు పట్టుకుని ఉలిక్కిపడింది. “ఐసుముక్కల్లా ఉన్నాయేంటి? డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి.” రేపు చూద్దామన్నాడు. “చేతులు ఫ్యాక్టరీకి, సణుగుడు నాకు” అని ఆమె మూతి తిప్పుకుంది.

ఎన్నాళ్లుగా అబద్ధం చెబుతోందో ఈ చెయ్యి! కిందటి వారం రెండు డబ్బాలు వెనక్కి పంపాడు. తెచ్చినవాడు ఒట్లు పెట్టుకున్నా వినలేదు. అవి మంచివేనేమో. ఆ మాట తలుచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

సీసాలు కడిగే ఆవిణ్ని పిలిచి ఆమె అరచేతిలో ఒక బొట్టు వేశాడు.

“జిగటగా ఉందన్నయ్యా. చల్లగా ఏం లేదు.”

“రోజంతా నీళ్లలో నానే చేతులు నీవి. వాటికేం తెలుస్తుంది చెల్లెమ్మా?”

“నా చేతులకి వంకపెట్టకు. నీ చేతులేమన్నా బంగారమా?” అని ఆమె నవ్వేసింది.

ఆయనకు నవ్వు రాలేదు. స్టీలు మూత ఒకటి తీసి, అందులో ఒక బొట్టు వేసి కిటికీలో పెట్టాడు. “నమాజు చేసుకుని వచ్చి చూస్తా. ఆరకపోతే సంతకం పెడతానని బాబుకు చెప్పు.”

గోదాము మూల చాప మీద నమాజు చేసుకున్నాడు. లేచేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నెమ్మదిగా వచ్చి కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

లారీ మళ్లీ హారన్ కొట్టింది. సీసాలావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మూతలోకి తొంగి చూసింది.

“చూశావా అన్నయ్యా, ఆరలేదు! నా చేతులే నయం.”

ఆయన గోడకు తల ఆన్చి ఉన్నాడు. ఒళ్లో కాగితం, వేళ్ల మధ్య మూత తీసిన పెన్ను ఉన్నాయి. కాగితం మీద సంతకం లేదు. లేపుదామని చెయ్యి పట్టుకున్న ఆమె నవ్వు ఆగిపోయింది.

చిన్న యజమాని పరుగున వచ్చి, నిలబడిపోయి, చివరికి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లారీవాణ్ని ఖాళీగానే వెళ్లిపొమ్మని కబురు చేశాడు.

ఆయన్ను ఇంటికి తీసుకెళ్లాక సీసాలావిడ ఏడుస్తూనే పాత్రలన్నీ కడిగింది. కిటికీలోని మూతను మాత్రం ముట్టుకోలేదు. అందులో బొట్టు ఇంకా తడిగానే ఉంది.