రోడ్డు మీద వదిలేసిన బండ

టీ మరిగి పొంగడానికి సిద్ధంగా ఉంది. వడకట్టే జాలీ మాత్రం కనిపించలేదు.

"జాలీ ఏది?" అన్నాను.

"ఏ జాలీ?" అన్నాడు మా ఆయన అక్రం, చెప్పులు వెతుక్కుంటూ.

"ఇంట్లో ఎన్ని ఉన్నాయి? టీ జాలీ."

"ఓ, అదా. ఆటోలో ఉంది. డబ్బాలో డీజిల్‌కి నలకలొస్తుంటే వడకట్టా."

"డీజిల్ వడకట్టారా? టీ జాలీతోనా?"

"కడిగితే పోద్దిలే."

"మీరు తాగుతారా కడిగినాక?"

మా అత్త హజ్రా బీ మంచం మీద తమలపాకులు తుడుచుకుంటూ కొడుకు పక్షాన దిగింది. "మగోడు పని కోసం పట్టుకుపోయాడు. దానికింత రాద్ధాంతం ఎందుకే? కొంగు అడ్డం పెట్టి వడకట్టు."

"మీ కొంగు ఇవ్వండి అత్తమ్మా."

మా అమ్మాయి హఫ్సా కాలేజీ బ్యాగు సర్దుకుంటూ కిసుక్కున నవ్వింది. అత్తకి కోపం వచ్చింది. ఆ పూట అందరం పొడి తేలుతున్న టీ తాగాం. అక్రం సగం తాగి, గ్లాసు అడుగున మిగిలింది నాకు కనబడేట్టు గోడ పక్కన పారబోసి వెళ్లాడు.

జాలీ గురించి అంత మాట అనాల్సింది కాదు. కానీ ఆ నెలల్లో ఇంట్లో ప్రతిదీ మాట దాకా వస్తోంది. కారణం రోడ్డు.

మాది చిలకలూరిపేట దాటాక హైవే పక్కనే ఉన్న కాలనీ. అక్రంది లారీ షెడ్డు. కమాన్లు, బ్రేకులు, ఇరుసులు బాగుచేస్తాడు. అడ్డరోడ్డు దగ్గర అండర్‌పాస్ కడుతున్నారని ఒంగోలు వైపు పోయే దారి మూసేశారు. రెండు వైపుల బళ్లూ ఇప్పుడు గుంటూరు వైపు పోయే దారి మీదే ఎదురెదురుగా నడుస్తాయి. మూసే ముందు చెప్పకుండా ఏం చేయలేదు. మైకు కట్టిన ఆటో తిరిగింది, పేపర్లో వేశారు, పెద్ద పసుపు బోర్డు పెట్టారు. ఎక్కణ్ణుంచి ఎక్కడ దాకా మూస్తారో, బరువు బళ్లు ఏ దారిన చుట్టూ తిరిగి పోవాలో అన్నీ చెప్పారు. మూసిన వైపు షెడ్లు పెట్టుకున్నవాళ్లు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సిమెంటు దిమ్మెల వెనక మా షెడ్డు ఉండిపోయింది. లారీ షెడ్డుకి రాలేదు కాబట్టి అక్రమే లారీ దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. జాకీలు, పానాలు ట్రాలీ ఆటోలో వేసుకుని, ఎక్కడ బండి ఆగిందని ఫోనొస్తే అక్కడికి పోయేవాడు.

మూసిన చోట ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని నిలబడే పని మా వీధి ఐజాక్‌కి దొరికింది. మా ఇంటికి రెండిళ్ల అవతల వాళ్లిల్లు. అక్రంని భాయ్ అంటాడు. అతని భార్య సువార్త నన్ను వదినా అంటుంది. బళ్లు ఆపి వదలడమే కాదు, దారిలో ఏదైనా పడితే తీయడం కూడా ఐజాక్ పనేనని కంపెనీ వాళ్లు తర్వాత అన్నారు. అంతకు ముందు ఎవరూ అనలేదు.

లారీ ఆగితే మొదట చేసే పని రాళ్లు పెట్టడం. ఈ సంగతి అందరికీ తెలుసు. వెనక చక్రాల కింద రెండు, ఆ వెనక రోడ్డు మీద వరసగా నాలుగైదు, వాటి మధ్యలో ఒక వేపకొమ్మ. వచ్చే బండి దూరం నుంచే చూసి తప్పుకుంటుంది. పని అయిపోయాక డ్రైవర్ ఎక్కి పోతాడు, మెకానిక్ పానాలు సర్దుకుని పోతాడు. రాళ్లు అక్కడే ఉంటాయి. డ్రైవర్ తీస్తాడని మెకానిక్, మెకానిక్ తీస్తాడని డ్రైవర్. హైవే మీద ఎక్కడ చూసినా అట్లా మిగిలిన రాళ్లు కనబడతాయి. దారి వెడల్పుగా ఉన్నన్నాళ్లూ బళ్లు వాటిని తప్పించుకుని పోయాయి.

ఆ సాయంత్రం అక్రం మగ్రిబ్ అజాన్ వేళకి వచ్చాడు. సర్ఫు, ఇసుక కలిపి మోచేతుల దాకా రుద్దుకున్నాడు.

"ఏం పని?" అన్నాను.

"పత్తి లారీ. కమాను విరిగింది. చంపేశారు హారన్లు కొట్టి."

అన్నం పెట్టబోతుంటే వీధిలో అలజడి. అడ్డరోడ్డు దగ్గర యాక్సిడెంటని ఎవరో అరుచుకుంటూ పోయారు. కాసేపటికి హఫ్సా ఫోన్లో కాలనీ గ్రూపులో వీడియో వచ్చింది. తను చూసి మొహం పక్కకి తిప్పుకుంది. నేను తీసుకున్నాను.

బైకు పక్కకి ఒరిగి ఉంది. స్టీలు కారియర్ గిన్నెలు విడిపోయి దొర్లి ఉన్నాయి. లారీ ముందు చక్రం దగ్గర ఎవరో తువ్వాలు కప్పారు. ఐజాక్ ఎర్రజెండా పట్టుకునే నిలబడి ఉన్నాడు, జనం అతని చొక్కా పట్టుకుని ఊపుతున్నారు. "రాయి ఎవడు పెట్టాడ్రా? కూచోడానికి పెట్టుకున్నావా?" అని ఎవరో తిడుతున్నారు. వీడియో తీసేవాడు ఫోను కిందికి దించి రాయిని చూపించాడు.

నేను వీడియో ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేశాను.

అది మా ఇంటి బండ. మాచర్ల నాపరాయి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి దాని మీదే బట్టలు ఉతికాను. బట్ట కొట్టే చోట గుంట పడింది. ఒక మూల నునుపు తేలింది, మడమలు రుద్దుకునేది అక్కడే. వేసవిలో నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ దాన్ని రెండు ముక్కలు చేస్తే, చక్రాల కింద పెట్టడానికి పనికొస్తాయని అక్రం రెండూ ఆటోలో వేసుకున్నాడు. నా చెయ్యి అరిగించిన రాయిని నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారు?

ఫోను అక్రం ముందు పెట్టాను. చూశాడు. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"ఇది మనదే కదా?"

"కానిస్టేబుల్ ఈలేస్తున్నాడే. బండి తియ్యి, బండి తియ్యి అని. వెనక బస్సులు. డ్రైవర్ లాగించేశాడు. నేను ఆటో తీయకపోతే కొట్టేట్టున్నారు."

"రాళ్లు?"

"తిరిగొచ్చేటప్పుడు తీద్దామనుకున్నా."

"తిరిగొచ్చారా?"

పళ్లెం పక్కకి నెట్టాడు. వెనక సందుగుండా ఇంటికి వచ్చాడని నాకు తెలుసు.

చనిపోయింది మహేష్ అనే అబ్బాయి. రాజుపాలెం నుంచి వచ్చి ఇక్కడ జిన్నింగు మిల్లులో పనికి చేరాడు. వెనక కూర్చున్న భార్య సింధుకి తుంటి విరిగింది, గుంటూరు తీసుకుపోయారు. ఎదురుగా లారీ వస్తుంటే అంచుకి జరిగారట. అంచున బండ ఉంది. పోలీసులు ఐజాక్‌ని స్టేషన్‌కి తీసుకుపోయారు. జెండావాడు కూర్చోడానికి రాయి వేసుకుని, లేచాక దారి అంచునే వదిలేశాడని కంపెనీ సూపర్‌వైజర్ రాసిచ్చాడట.

మహేష్ తల్లి తిరుపతమ్మ మా వీధికి వచ్చింది. ఎవరు దారి చూపారో తెలియదు. తల విరబోసుకుని, ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని ఉంటే, సువార్త గుమ్మం ముందు నిలబడింది.

"బయటికి రాయే! నీ మొగుడు కూసోటానికి నా కొడుకే దొరికాడంటే? పాతికేళ్లోడే! నీ కడుపు చల్లగా ఉంటదంటే?"

సువార్త లోపలి నుంచే ఏడుస్తూ చెప్తోంది. "పెద్దమ్మా, ఆయన పెట్టలేదు. యేసయ్య సాక్షి, ఆయన పెట్టలేదు."

"మరెవడు పెట్టాడు? నడిచొచ్చిందా ఆ రాయి?"

తిరుపతమ్మ వంగి గుప్పెడు మట్టి తీసి గుమ్మంలోకి విసిరింది. ఇంకో గుప్పెడు తీసింది. ఆ మట్టి పడాల్సింది మా గుమ్మంలో. నేను కర్టెను వెనక నిలబడి చూస్తూ ఉన్నాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "లోపలికి రా. మనకెందుకు" అంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. కొడుకు ఆమెకి చెప్పాడని అప్పుడర్థమైంది.

వాళ్లు వెళ్లాక సువార్త మా ఇంటికి వచ్చింది. జుట్టులో ఇంకా మట్టి ఉంది. అక్రం గుమ్మం దగ్గరే బనీనుతో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నువ్వా పూట అటే ఉన్నావంట గదా. ఎవుర్దో పత్తి లారీ ఆగిందంట. ఆ రాళ్లు లారీ వాళ్లవి, మా ఆయనవి గాదని ఒక్క మాట వచ్చి చెప్పన్నా."

"నేను చూడలేదమ్మా" అన్నాడు అక్రం. "నేను పోయేసరికి ఏం లేదు."

"పోనీ లారీ నంబరన్నా..."

"గుర్తులేదు."

నేను ఆమెను లోపలికి తీసుకుపోయి మంచినీళ్లిచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఆయన్నడిగితే ఆయనా చెప్పడు వదినా. నిన్న అన్నం తీసుకుపోయా. ఎవుడి లారీ ఆగింది, ఎవుడు బాగుచేశాడు, చెప్పయ్యా అని కాళ్లు పట్టుకున్నా. తెలవదంటాడు. దినమంతా ఆడే నిలబడ్డోడికి తెలవకపోద్దా? దెబ్బలు గూడా పడ్డయ్యి. అయినా తెలవదంటాడు. ఎవుర్ని కాపాడుతున్నాడు వదినా?"

ఐజాక్ అక్కడే జెండా పట్టుకుని నిలబడి, కమాను కింద పడుకున్న అక్రంని చూశాడు. సిమెంటు దిమ్మె కాస్త జరిపి ఆటోకి దారి ఇచ్చింది కూడా అతనే అయ్యుంటాడు. అతనికి తెలుసు. అక్రం పేరు ఒక్కటి చెప్తే ఇంటికొస్తాడు. చెప్పలేదు.

ఆమె వెళ్లాక అక్రంతో అదే అన్నాను.

"నేను చెప్పానా వాణ్ణి దాచమని?" అన్నాడు. గొంతు పైకి లేచింది. "పోయి నేనే అన్నానంటే ఏమైద్దో తెలుసా నీకు? మనిషి పోయాడు. కేసు నా మీదకొస్తది. షెడ్డు పోద్ది. ఈ పిల్ల చదువు? అమ్మీ మందులు? ఆలోచించావా?"

"వాళ్లకీ పిల్లలున్నారు."

"ప్రభాకరరావు గారిని అడిగొస్తా" అని లేచాడు. ప్రభాకరరావు కాలనీలో తగాదాలు తీర్చే పెద్దమనిషి. పొలాలు, పార్టీ, స్టేషన్‌లో మాట, అన్నీ ఉన్నాయి. అక్రం తిరిగి వచ్చేసరికి మొహం తేటపడింది. అది చూసి నాకు భయం వేసింది.

శుక్రవారం జుమ్మా నుంచి వచ్చాడు. హఫ్సా కాలేజీకి వెళ్లనంది. ఆ రోడ్డు మీదుగా బస్సులో పోనని నేరుగా చెప్పలేక తలనొప్పి అంది. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అన్నం, దాల్చా పెట్టాను. అక్రం కొంచెం తిన్నాక మాట్లాడాడు. అందరికీ వినబడేట్టు, ముందే అనుకున్నట్టు మాట్లాడాడు.

"షెడ్డు తీసేస్తున్నా. నరసరావుపేటలో ఒక స్థలం చూశారు ప్రభాకరరావు గారు. పై వారం మారిపోదాం. ఐజాక్‌కి బెయిలొస్తదంట, ఆయన మాట్లాడతారంట. కేసు ఎట్లాగూ నిలబడదంట. మనం నోరు మెదపకుండా ఉంటే చాలంట."

"అల్‌హందులిల్లా" అంది మా అత్త, గట్టిగా కాదు.

"నిలబడితే?" అంది హఫ్సా.

"ఏంది?"

"కేసు నిలబడితే అబ్బా? ఐజాక్ మామ జైలుకి పోతాడా?"

"నువ్వు తిను" అంది మా అత్త. "పెద్దోళ్ల మాటల్లో నీకేం పని?"

హఫ్సా తినలేదు. తండ్రి వైపు చూస్తూ ఉంది. అక్రం ఆ చూపు తప్పించుకోవడానికి దాల్చా ఇంకా వెయ్యమని నాకు పళ్లెం జరిపాడు. అందులో ముందు వేసిందే ఇంకా మిగిలి ఉంది.

నేను గరిటె గిన్నెలో పెట్టాను.

"సాయంత్రం నేను సువార్తతో స్టేషన్‌కి పోతున్నా" అన్నాను.

"ఏమే, పిచ్చా నీకు?" అంది అత్త.

"ఆ బండ పోలీసుల దగ్గరే ఉంది. అది మా ఇంటిదని చెప్తా. గుంట ఎక్కడుందో, నునుపు మూల ఏదో చూడకుండానే చెప్తా. రెండో ముక్క ఇంకా మన ఆటోలోనే ఉంది, అదీ తీసుకుపోతా. అతికించి చూసుకోమంటా."

అక్రం నా వైపు చూశాడు. అతని పెదవి మీద మెతుకు ఉంది. తుడుచుకోలేదు.

"నా మీద సాక్ష్యం చెప్తావా?"

"ఐజాక్ పెట్టలేదని చెప్తా. ఎవరు పెట్టారని అడుగుతారు. అప్పుడు మీరు నా పక్కన ఉంటే మీరే చెప్పండి. నాకంటే మీరు చెప్తేనే బాగుంటుంది. మీరు రాకపోతే నేను చెప్తాను."

మా అత్త ఏడవడం మొదలుపెట్టింది. హఫ్సా లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అసర్ నమాజ్ అయ్యాక బయలుదేరుతున్నా" అన్నాను.