అంకుల్ ఇచ్చిన ఇత్తడి

అమూల్య ఇంట్లో చేసుకున్న తూటాల్లో మందు ఎక్కువ పోసిందని రాసి సంతకాలు పెట్టిన మన షూటింగ్ క్లబ్బు నలుగురు కమిటీ పెద్దలకీ చెబుతున్నాను: తప్పు మీది. ఒక్క తూటా విప్పి చూశారా? ఏదైనా తూచారా? బార్బెక్యూ పొయ్యి పక్కన నిలబడి సాసేజ్ నములుతూ తీర్పు చెప్పేశారు. క్లబ్బు సభ్యత్వం పోతే ఆ అమ్మాయి రైఫిల్ లైసెన్సు కూడా పోతుందని మీకు తెలుసు. తెలిసే రాశారు.

ఆ ఆదివారం కాల్పుల రేంజ్‌లో నేను ఆమె పక్క బల్ల దగ్గరే ఉన్నాను. మూడో తూటా పేలాక "కిట్టన్నా, బోల్ట్ రావట్లేదు" అంది. ఖాళీ తొడుగుని బయటికి లాగే ఆ పిడిని మొండిగా లాగలేదు. రైఫిల్ గురి వైపే ఉంచి రేంజ్ ఆఫీసర్ని పిలిచింది. చివరికి బయటికొచ్చిన ఇత్తడి తొడుగు చూశాం. దాని వెనక మందుకి నిప్పంటించే బిళ్ళ, ప్రైమర్, సుత్తితో కొట్టినట్టు చదునైపోయింది. పక్కన నెలవంకలా మెరిసే గీత. లోపల ఒత్తిడి హద్దు దాటిందని అర్థం. ఇంకోటి పేల్చకుండా మిగిలిన పదిహేడూ డబ్బాలో పెట్టేసింది. అజాగ్రత్త మనిషి చేసే పనేనా అది?

ఇవాళ శనివారం పొద్దున కానింగ్ వేల్‌లో వాళ్ళ గరాజ్‌లో కూర్చున్నాం. నేను ఇంజనీర్ని కాదు, ఫోర్క్‌లిఫ్టులు బాగుచేస్తాను. ఒత్తిడి గురించి నాకు నేర్పింది పగిలిన గొట్టాలే.

"ఎండకి మందు వేడెక్కిందేమో?" అన్నాను.

"ఎనిమిదిన్నరకి ఎండేంటన్నా? జాకెట్ వేసుకుని కాల్చాను."

పదిహేడూ ఊడదీసి మందు తూచాం. ఎంత మందు పొయ్యాలో రాసి రామానుజం అంకుల్ క్లబ్బు గ్రూపులో పెట్టిన షీట్‌లో ఎంతుందో అంతే. తూటా పొడవు కొలిచాం. అదీ సరిపోయింది. అమూల్య ముఖంలో భయం పోయి ఆత్రం వచ్చింది. ఖాళీ తొడుగులు వరసగా పేర్చి అడుగున ఉన్న అచ్చు చదవసాగింది.

"అన్నా, ఇవి నేను కొనే కంపెనీవి కావు."

"మరెక్కడివి?"

"అంకుల్ ఇచ్చారు. ఐస్‌క్రీమ్ డబ్బా నిండా. కడిగి, తోమి మరీ."

ఆమె పాత తొడుగు పదకొండు గ్రాములు లేదు. అంకుల్ ఇచ్చింది దాదాపు పన్నెండు. బయటి కొలతలు ఒకటే. మరి ఆ గ్రాము ఎక్కడుంది? అడుగు నుంచి కారకుండా వాడిన ప్రైమర్లు అలాగే ఉంచి రెండింట్లోనూ నీళ్ళు నింపి తూచాం. బరువైనదాంట్లో తక్కువ పట్టాయి. గోడ మందం, లోపల ఇరుకు. అంతే మందు ఇరుకులో మండితే ఒత్తిడి పెరగక ఏమవుతుంది?

"తొడుగు మారిస్తే తక్కువ మందుతో మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలిగా. తెలీదా నీకు?"

"తెలుసన్నా. అంకులేమో 'నేనంతా ట్రై చేశానమ్మా, డైరెక్ట్‌గా అదే పోసెయ్' అన్నారు. మళ్ళీ కింద నుంచి మొదలుపెడితే ఆయన మాట నమ్మనట్టుంటుందని..."

ఇదీ మన జబ్బు. పెద్దాయన చెప్పాడంటే తక్కెడ అవతల పెడతాం.

అంకుల్ని పిలిచాం. సంతకం పెట్టిన మీ నలుగురిలో ఆయనొకరు. "ఏంట్రా కిట్టూ, నా మీద కోర్టా?" అని నవ్వుతూ వచ్చారు. అంకెలు చూశాక నవ్వు ఆగింది. తనే రెండుసార్లు తూచారు. నీళ్ళూ తనే పోశారు.

"షీట్ రాసింది నా తొడుగులతో. ఇవి రేంజ్‌లో నేల మీద ఏరినవి. బంగారంలాంటి ఇత్తడి, పారెయ్యబుద్ధి కాలేదమ్మా."

"ఇట్స్ ఓకే అంకుల్."

"ఓకే ఏంటి, నా బొంద! నీ కన్ను పోయేది."

"ఇంకెవరికిచ్చారు?" అన్నాను.

"వివేక్‌కి. హేమచంద్రకి."

అప్పుడే ఫోన్లు చేశాం. వివేక్ ఎత్తలేదు. హేమచంద్ర నవ్వాడు. "అమూల్యదే మిస్టేక్ అని కమిటీ రాసిందిగా బ్రో. రేపటికి నావి రెడీ."

కాబట్టి ఇవాళే కదలండి. అంకుల్ ఇచ్చిన తొడుగులతో చేసినవి ఎవరూ పేల్చొద్దని సభ్యులందరికీ రాయండి. వివేక్ ఇంటికి మనిషిని పంపండి. ఆ షీట్ గ్రూపులోంచి తీసెయ్యండి. మళ్ళీ పెడితే ఏ కంపెనీ తొడుగో, ఎంత బరువో, ఎంత తక్కువ మందుతో మొదలుపెట్టాలో రాసి పెట్టండి. అమూల్య మీద రాసిన కాగితం రద్దు చెయ్యండి. అంకుల్ తన తప్పు రాసిచ్చారు, జతచేశాను. రేపు ఎనిమిదింటికి రేంజ్ తెరుస్తారు. ఆలోపే ఇవన్నీ అయిపోవాలి.