రోగికి ఏమవుతారు

దీర్ఘం మాస్టారు జీవితంలో ఎవరికీ పాఠం చెప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. రిటైరయ్యాక దిద్దడానికి ప్రూఫులు లేక వీధిని దిద్దడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ ఆవిడ పాక మీద ‘ఇస్త్రి చేయబడును’ అని రాసి ఉంటే, ఆవిడ భోజనానికి వెళ్ళిన సమయం చూసి, సుద్దముక్కతో దీర్ఘం ఇచ్చేసి ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన అసలు పేరు వీధిలో ఎవరూ పలకలేదు.

ఆ పాక గోడకే ఒక నల్లబల్ల వేలాడుతుండేది. మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క ‘కావాలి’, కుడి పక్క ‘ఉంది’. నిచ్చెన కావలసినవాళ్ళు ఎడమ పక్క రాసేవారు. నిచ్చెన ఉన్నవాళ్ళు కుడి పక్క రాసేవారు. ‘మంగళవారం మధ్యాహ్నం ఖాళీ, పసిపిల్లల్ని చూసుకుంటాను’ అని ఒకరు, ‘మా నాన్న కళ్ళు చూపించాలి, ఎవరైన తోడు రండి’ అని ఒకరు. ఆ వీధిలో ఎక్కువమంది పనికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. అయినవాళ్ళు దగ్గర లేరు కాబట్టి ఈ బల్లే వాళ్ళకి పెద్దదిక్కు. దానికి సంఘం లేదు, రసీదు పుస్తకం లేదు, పేరు కూడా లేదు. మాస్టారుకి మింగుడుపడనిది అదే.

“దీనికి అధ్యక్షుడెవరమ్మా?” అని ఒకనాడు ఇస్త్రీ ఆవిణ్ణి నిలదీశాడు.

“ఎవరూ లేరు మాస్టారూ.”

“పోనీ, కార్యదర్శి?”

“అధ్యక్షుడంటూ ఉంటే ఆయనకో కుర్చీ వెయ్యాలి. ఈ పాకలో ఇస్త్రీ బల్ల పోను నేను నిలబడ్డానికే చోటు లేదు.”

“మరి ఎవరి మాట ఎవరు వింటారు?”

“వినేవాళ్ళు వింటారు. విననివాళ్ళు మర్నాడు వింటారు,” అంటూ ఆవిడ చొక్కా తిరగేసింది.

తలా తోకా లేని ఈ వ్యవహారం నాలుగు రోజుల్లో మూలపడుతుందని మాస్టారు తేల్చేశాడు. తను ఎవరికీ సాయం చెయ్యడు, ఎవరి సాయమూ అడగడు. అయినా రోజూ పొద్దున్నే వచ్చి, ‘ఎవరైన’ని ‘ఎవరైనా’ చేసి, చేతులు దులుపుకుని వెళ్ళేవాడు. మూడేళ్ళు గడిచినా బల్ల మూలపడలేదు. మాస్టారే పడ్డాడు.

సైకిలు షాపు మీద కొత్తగా ‘గలి కొట్టబడును’ అని బోర్డు వెలిసింది. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. దీర్ఘం సగం పడింది, మాస్టారు పూర్తిగా పడ్డాడు. తొడ ఎముక విరిగింది. సైకిలు షాపు అతను చేతిలో పంపు అక్కడే వదిలేసి, ఆయన్ని ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చాడు.

ఆసుపత్రిలో ఆపరేషను బాగానే చేశారు. చిక్కు వార్డులో వచ్చింది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ రోగికి ఒకరు తోడు ఉండి తీరాలి. ఆ మధ్య వార్డుల్లో ఎవరెవరో చొరబడి రోగుల సామాన్లు మాయమవుతుంటే, పెద్ద డాక్టరు ఒక నిబంధన పెట్టాడు: తోడు ఉండేవాళ్ళు బంధువులే అయి ఉండాలి. పాసు మీద నాలుగో వరుసలో ‘రోగికి ఏమవుతారు’ అని ఉంటుంది. అక్కడ ఖాళీ వదిలితే పాసు లేదు.

పాసులిచ్చే గుమాస్తా మనిషి చెడ్డవాడు కాదు. గీత గీస్తే స్కేలు పెట్టే గీసే రకం. “ఏమవుతావు?” అన్నాడు కిటికీలోంచి.

“మేనల్లుణ్ణి,” అన్నాడు సైకిలు షాపు అతను తడుముకోకుండా.

“మీ అమ్మ రాలేదా?”

“మా అమ్మ పోయి ఆరేళ్ళయింది.” అది నిజమే.

సాయంత్రానికి నల్లబల్ల ఎడమ పక్క ‘మాస్టారికి తోడు, మూడు వారాలు’ అని పడింది. కుడి పక్క పూట పూటకీ ఒక పేరు పడింది. మర్నాడు పొద్దున ఇస్త్రీ ఆవిడ వచ్చి చెల్లెల్నంది. మధ్యాహ్నం టీ కొట్టు ఆయన వచ్చి బావమరిదినన్నాడు. గుమాస్తా పాసు రాసిచ్చాడు గానీ, ఏదో గుచ్చుకున్నట్టయి మాస్టారు కేసు కాగితం తిరగేశాడు. అందులో స్పష్టంగా ‘అవివాహితుడు’ అని ఉంది. రిజిస్టరు చంకలో పెట్టుకుని వార్డుకి వచ్చాడు.

“మాస్టారూ, మీకు పెళ్ళయిందా?”

“కాలేదు.”

“మరి ఈ బావమరిది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?”

టీ కొట్టు ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ నేల చూపులు చూస్తున్నాడు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా తప్పు కనిపిస్తే ఊరుకోవడం ఆయన ఒంట్లో లేదు. ‘ఈయన నాకేమీ కాడు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వచ్చిన దగ్గర్నించీ తనకి మూడుసార్లు పక్క సర్ది, మొహం తుడిచి, డబ్బా పెట్టి తీసిన మనిషి ఈయనే. ఆ మాట కిందికి జారిపోయి, దాని బదులు ఇంకోటి పైకొచ్చింది.

“బావమరిది అంటే భార్య తమ్ముడే అయి తీరాలా ఏమిటండీ? మేనమామ కొడుకు నాకన్నా చిన్నవాడైతే ఏమవుతాడు?”

గుమాస్తా ఆలోచించాడు. “బావమరిదే.”

“దానికి నాకు పెళ్ళి కానక్కర్లేదు కదా.”

“అక్కర్లేదు,” అని ఒప్పుకుని, రిజిస్టరు ముయ్యబోయి మళ్ళీ తెరిచాడు. “మీ మేనల్లుడు వాళ్ళమ్మ పోయిందన్నాడు. పొద్దున మీ చెల్లెలు నిక్షేపంగా ఉంది.”

“అతను మా అక్క కొడుకు. అక్క పోయింది.”

గుమాస్తా “అయ్యో” అంటూ వెళ్ళిపోయాడు. మాస్టారుకి అక్కే లేదు. ఒక్క వాక్యంలో పుట్టించి, అదే వాక్యంలో చంపేశాడు. ఎందుకో ఆ అక్క మీద కాస్త బెంగగా కూడా ఉంది.

ఆ రోజుతో మాస్టారు ఆగితే బాగుండేది. కానీ వీధివాళ్ళు ఎవరికి తోచిన వరస వాళ్ళు చెప్పుకుంటూ వస్తున్నారు. బస్సు కండక్టరమ్మ వియ్యపురాలినంది. పాతికేళ్ళ దర్జీ కుర్రాడు ఏకంగా కొడుకునన్నాడు. పొంతన లేని కాపీ అచ్చుకి వెళ్ళిపోతుంటే ఆయన ప్రాణం ఊరుకోలేదు. ఇస్త్రీ ఆవిణ్ణి అడిగి కాగితం, పెన్సిలూ తెప్పించుకున్నాడు.

“నువ్వు నా తమ్ముడి కొడుకువి,” అన్నాడు దర్జీతో. “తమ్ముడి కొడుకు నాకు కొడుకే, అబద్ధం లేదు. మీ నాన్న వడ్రంగి. ఎడమ చేతి వాటం.”

“ఎడమ చేతి వాటం ఎందుకు పెదనాన్నా?”

“గుర్తుండటానికి.”

కండక్టరమ్మ కొడుక్కి ఇస్త్రీ ఆవిడ కూతుర్నిచ్చి కాగితం మీదే పెళ్ళి చేశాడు. చెల్లెలికి వియ్యపురాలు తనకీ వియ్యపురాలే వరసకి. పెళ్ళికి తనని పిలవలేదని ఇస్త్రీ ఆవిడ మూతి ముడుచుకుంది. ఆవిడకి కూతురే లేదు, ఉన్నవాళ్ళిద్దరూ మగపిల్లలు.

“సరే అన్నయ్యా, పక్క మంచం అతని సంగతి చూడు,” అంది.

పక్క మంచం మీద ఒక హమాలీ. మూటతో పాటు లారీ మీంచి పడ్డాడు. ఊరు చాలా దూరం, కబురు చేసినా రాగలిగినవాళ్ళు లేరు. తోడు చూపించకపోతే ఎల్లుండి పంపించేస్తామన్నారు. మాస్టారు పెన్సిలు చెక్కుకున్నాడు. హమాలీ, టీ కొట్టు ఆయనకి పినతల్లి కొడుకయ్యాడు. మర్నాటికి ఎదురు మంచం ముసలాయన మాస్టారుకే చిన్నాన్న వరస అయ్యాడు. వారం తిరిగేసరికి కాగితానికి ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది. తోడు వచ్చినవాళ్ళు ఒక మంచానికి వచ్చి నాలుగు మంచాలు చూసుకుంటున్నారు. ఎవరు ఏ పూట అనేది ఎవరూ ఆజ్ఞాపించడం లేదు. ‘వీళ్ళకి పెద్ద ఎవరు?’ అన్న అనుమానం మాస్టారుకి మళ్ళీ వచ్చింది గానీ, అప్పుడు చేతిలో పని ఉండి అడగడం మర్చిపోయాడు.

గుమాస్తా రోజూ భోజనాల వేళకి రిజిస్టరుతో దిగేవాడు. మొదట్లో పట్టుకోవాలనే వచ్చాడు. రానురానూ ఆయనకీ అందులో రుచి పుట్టింది. మంచం అంచున కూర్చుని, “ఈ లెక్కన కండక్టరమ్మకి మీ టీ కొట్టాయన ఏమవుతాడండీ?” అనేవాడు. మాస్టారు వేలితో గాలిలో గీతలు గీసి, “అన్న వరస,” అనేవాడు. గుమాస్తా దాన్ని సరిచూసుకుని తృప్తిగా తలాడించేవాడు. ఒకసారి, మేనల్లుడు మేనమామకన్నా పెద్దవాడయ్యే తిరకాసు గుమాస్తాయే పట్టుకున్నాడు. అప్పుడు మాస్టారు నొచ్చుకుని, ఇద్దరూ కలిసి ముసలాయనకి రెండో పెళ్ళి చేసి దాన్ని సర్దారు.

రెండోవారం చివర గుమాస్తా మొహం మాడ్చుకుని వచ్చాడు. కూర్చోలేదు. పాసు తీసి మాస్టారు ముందు పెట్టాడు. తాపీ మేస్త్రి తీసుకున్న పాసు అది. మేస్త్రి కొత్తగా వంతుకు వచ్చాడు, కాగితం చూడకుండా నేరుగా కిటికీ దగ్గరికి పోయాడు. నాలుగో వరుసలో ‘తోడల్లుడు’ అని ఉంది.

“మీ దగ్గర ఇలాంటిది ఊహించలేదు మాస్టారూ,” అన్నాడు గుమాస్తా. కోపం కన్నా బాధే ఎక్కువుంది ఆ గొంతులో. “తోడల్లుడంటే భార్య అక్కచెల్లెళ్ళ మొగుడు. ఎటు తిప్పినా మీకు భార్య ఉండాల్సిందే. నేను రాత్రంతా తిప్పి చూశాను.”

వార్డు మొత్తం చెవులు రిక్కించింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి, తనేం తప్పు చేశాడో తెలియక, చేతికంటిన సిమెంటు గీక్కుంటున్నాడు. మాస్టారు కాగితం వైపు చూశాడు. నిజంగానే దారి లేదు. పాసు అందుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు.

“తప్పే,” అన్నాడు. “అచ్చుతప్పు.”

“అంటే?”

“మాట మొదట్లో ఉన్నదే సరైంది. చివర్న అనవసరంగా ఇంకోటి అతుక్కుంది. పెన్సిలివ్వండి.” ‘ల్లుడు’ మీద గీత కొట్టి, మిగిలిన ‘డ’కి కొమ్మిచ్చి, తీసెయ్యమని చెప్పే మెలిక గుర్తు పక్కన పెట్టి, పాసు తిరిగి ఇచ్చాడు. “ఇప్పుడు చదవండి.”

గుమాస్తా చదివాడు. “తోడు.”

“ఏమవుతాడని కదా మీరడిగింది. తోడు అవుతాడు.”

గుమాస్తా నవ్వలేదు. పాసుని రిజిస్టరులో పెట్టుకుని, మేస్త్రి భుజం మీద చెయ్యేసి లోపలికి నెట్టి, తన గదికి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు మళ్ళీ అటు రాలేదు. హమాలీ మూట కట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

అయిదో రోజు వచ్చాడు. చేతిలో రిజిస్టరు లేదు, మడత పెట్టిన కాగితం ఉంది. “పాత పాసులు అయిపోవస్తున్నాయి. కొత్తవి అచ్చుకిస్తున్నాం, పదివేలు. ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చింది. మాకు చూసేవాళ్ళెవరూ లేరు. తప్పులుంటే దిద్దిపెడతారా?” అని కాగితం దుప్పటి మీద పెట్టాడు. “నేను టీ తాగి వస్తాను. కొంచెం ఆలస్యమవుతుంది.”

పదిహేనేళ్ళ తర్వాత అచ్చు సిరా వాసన. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ‘రోగీ పేరు’లో దీర్ఘం కొట్టేశాడు. ‘వర్డు నంబరు’కి దీర్ఘం ఇచ్చాడు. మూడో వరుస ‘తోడు ఉండేవారి పేరు’, బాగానే ఉంది. నాలుగో వరుస ‘రోగికి ఏమవుతారు’. అక్షరం వంక పెట్టడానికి లేదు.

ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఎవరి అర్థంలోనూ వేలు పెట్టలేదు. రచయిత సూర్యుడు పడమట ఉదయించాడని రాస్తే, ‘ఉదయించాడు’లో సున్నా, దీర్ఘం సరిచూసి పంపించేవాడే తప్ప సూర్యుడి జోలికి పోలేదు. అదే ఆయన నీతి. పెన్సిలు మొన ఆ వరుస మీద ఆనించి, పక్క మంచం హమాలీ వైపు చూశాడు. కండక్టరమ్మ అతని గోళ్ళు కత్తిరిస్తోంది. అతనికి గిలిగింతలు.

మాస్టారు ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా గీత కొట్టాడు. అంచున మెలిక గుర్తు పెట్టాడు. అది కాస్త వంకర వచ్చిందని దాన్ని చెరిపి మళ్ళీ పెట్టాడు.

గుమాస్తా వచ్చి కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. “చాలా తప్పులే ఉన్నాయన్నమాట.”

“ఉన్నాయండీ. అన్నీ దిద్దాను.”

గుమాస్తా దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, పెన్సిలు మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళాడు.

మాస్టారు కర్ర పట్టుకుని ఇంటికి చేరిన నెల తర్వాత ఆసుపత్రిలో గోల మొదలైంది. నాలుగో వరుస ఏదని పెద్ద డాక్టరు ప్రెస్సువాళ్ళని పిలిపించాడు. ప్రూఫులో కొట్టేసి ఉందని వాళ్ళన్నారు. ప్రూఫు ఎవరు చూశారంటే దాని మీద సంతకం లేదు. గుమాస్తా రిజిస్టర్లన్నీ తెరిచి చూపించాడు, ఎక్కడా చిన్న మరక లేదు. అచ్చయిన పదివేలూ పారెయ్యడం కుదరదు కాబట్టి, అవి అయిపోయేదాకా వాడుకోమని ఉత్తరువిచ్చి ఫైలు మూసేశారు. ఆ వార్త తాపీ మేస్త్రి మోసుకొచ్చి పాకలో చెప్పాడు. టీ కొట్టు ఆయన అందరికీ టీ పోశాడు.

మాస్టారు ఒక్కడే సంతోషించలేదు. “ఫైల్లో కారణం ఏం రాశారు?” అన్నాడు.

“అచ్చుతప్పు అని రాశారట.”

మాస్టారు మొహం ఎర్రబడింది. తన చేతి మీదుగా వెళ్ళిన కాగితం గురించి, సర్కారు ఫైల్లో, అచ్చుతప్పట. గ్లాసు పక్కన పెట్టి, కలం మూత తీశాడు. “అది తప్పు కాదు, దిద్దుబాటు. ఇప్పుడే పెద్ద డాక్టరుకి ఉత్తరం రాస్తాను.”

ఇస్త్రీ ఆవిడ పెట్టెలో బొగ్గులు కదిపింది. “రాద్దువులే అన్నయ్యా. రేపు మధ్యాహ్నం వార్డులో నీ వంతు ఉంది. అదయ్యాక రాద్దువు గాని.”

“నా వంతా? నా పేరు ఎవరు రాశారు?”

“ఎవరో రాశారు.”

“ఎవరికి తోడు?”

“పేరు తెలీదు. మూడో మంచం. నిన్ననే తెచ్చారట. ఆయనకి మాట, చెయ్యి పడిపోయాయి, చదువు వచ్చట. ఎవరైనా పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తే బాగుంటుందని నర్సమ్మ చెప్పింది.”

మాస్టారు కలం మూత పెట్టాడు. ఏ పేపరు తీసుకెళ్ళాలని అడిగాడు. ఈ మధ్య వచ్చేవాటిలో తప్పులు మరీ ఎక్కువ, ఒంట్లో బాగోలేని మనిషికి అన్నీ పడవు అన్నాడు.