వెనక్కి నడిస్తే పెరిగే కొండ

నంద్యాలలో కమలాక్షమ్మ లాడ్జి కట్టింది. అహోబిలం, శ్రీశైలం పోయే యాత్రికులు దిగుతారని ఆమె లెక్క. హాలు గోడకు ఒక ఫోటో కావాలని హుమేరాను అడిగింది. ముందు ఆళ్లగడ్డ శిల్పం, వెనక నల్లమల కొండ, రెండూ సమానంగా కనిపించాలి. నచ్చకపోతే అంగట్లో దొరికే జలపాతం కాగితం అంటిస్తానని కూడా చెప్పింది.

హుమేరా అప్పటిదాకా పెళ్లిళ్లే తీసింది. ఆ పనిలో మొహం తేలాలి, వెనకున్నదంతా మసకబారాలి. ఈ ఫోటో గోడెక్కితే పెళ్లి మంటపాల నుంచి బయటపడొచ్చని ఆమె ఆశ.

ఆళ్లగడ్డలో శిల్పి వరదరాజులు షెడ్డు పక్కన ఖాళీ జాగాలో ఆంజనేయస్వామి రాతి విగ్రహం నిలబెట్టి ఉంది. మొహం రోడ్డు వైపు. వీపు వెనక పొలాలు, ఆ వెనక కొండ. మధ్యాహ్నం క్రేను వచ్చి లారీకి ఎక్కిస్తుంది. హుమేరా పొద్దున్నే చేరింది.

మొదట దగ్గరికెళ్లి తీసింది. ఫ్రేము నిండా స్వామే, కొండ పొగలా మిగిలింది. పెళ్లి అలవాటు కొద్దీ లెన్సు రంధ్రం బార్లా తెరిచి ఉంచిందని అప్పుడు చూసుకుంది. తగ్గించి మళ్లీ తీసింది. కొండ తేటపడింది గానీ అడుగున తాడంత సన్నగానే ఉంది. పొడుగు లెన్సు తగిలించుకుని, రోడ్డు దాటి పంక్చర్ షాపు దాకా వెనక్కి నడిచింది. ఇప్పుడు కొండ స్వామి భుజాల దాకా లేచింది.

వరదరాజులు కెమెరా తెర మీద దగ్గరిదీ దూరందీ రెండూ చూశాడు.

"ఎనక్కి పోతే కొండ పెద్దదైతాదా? యా ఊరి లెక్క పాపా ఇది?"

దూరం జరిగితే రాయి చిన్నదవుతుంది, కొండ అంతే ఉంటుంది, లెన్సు రెండింటినీ కలిపి లాగుతుంది అని ఆమె చెప్పబోయింది. సగం చెప్పేసరికి ఆమెకే తికమకయింది. వరదరాజులు వినడం మానేసి తెర వైపే చూస్తున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి విగ్రహం మొహానికి కట్టి వచ్చాడు.

"కండ్లు ఇంకా తెరవలేదు. గుడిలో నిలబెట్టినాక ఆడ ఉలి పెట్టి తెరుస్తాం. అంతదాకా మొగం ఫోటోలోకి పోకూడదు. నీకు తెలుసనుకుంటి. తీసినవి తుడిచెయ్."

హుమేరా అన్నీ తుడిచేసింది. తువ్వాలు కట్టిన దేవుణ్ణి ఏ లాడ్జిలో పెట్టుకుంటారు? వీపు తీద్దామని విగ్రహం వెనక్కి వెళ్లింది. తోక నడుము దగ్గర లేచి తల మీదుగా వంపు తిరిగి ఉంది. కాని అటునుంచి చూస్తే స్వామికి అవతల ఉన్నది పంక్చర్ షాపు. కొండ ఆమె వెనక ఉంది. స్వామిని కాస్త తిప్పించగలవా నాయనా అని అడిగింది.

"నువ్వే అడుగు. నా మాట ఇనడు," అన్నాడు వరదరాజులు.

క్రేను వచ్చింది. విగ్రహానికి బెల్టులు బిగించారు. కొండనైనా తీసుకుని పోదామని హుమేరా మళ్లీ రోడ్డు దాటి, షాపు పక్కన గొంతుక్కూర్చుంది. స్వామి నేల విడిచాడు. బెల్టుల మీద మెల్లగా తిరిగాడు. వీపు రోడ్డు వైపుకు, మొహం కొండ వైపుకు వచ్చాయి. ఆమె నొక్కింది.

సాయంత్రం నంద్యాలలో కమలాక్షమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. తోకను బట్టి ఆంజనేయుడేనని పోల్చుకుంది.

"కొండ కాడికి ఈయన పోతాండాడా, ఈయన కాడికి కొండ వస్తాండాదా?"

తెలియదని హుమేరా ఒప్పుకుంది.

"ఆ బెల్టులు తుడిచెయ్."

"తుడిచేస్తే కింద పడతాడమ్మా."

కమలాక్షమ్మ నవ్వలేదు. పనిమనిషిని పిలిచి గోడ కొలవమంది. మేడ మీది హాలుకు ఇట్లాంటిదే ఇంకొకటి కావాలంది. హుమేరా సరేనని బయటికి వచ్చి, మెట్ల మీద ఫోటో మళ్లీ తెరిచింది. మొదట తోక కనిపించింది. కళ్లు మూసి తెరిస్తే కొండ కనిపించింది. ఇట్లాంటిదే అంటే కమలాక్షమ్మకు నచ్చింది ఏదో ఎంత చూసినా అంతుపట్టలేదు. వరదరాజులుకు ఫోన్ చేసి, మళ్లీ ఇంకో విగ్రహం ఎప్పుడు పోతుందని అడిగింది.

"యా సామి కావాల నీకు?"

"ఎవురైనా సరే నాయనా. క్రేను ఎప్పుడొస్తాదో అది చెప్పు."