ఉడకని తమాలేలు

హెర్లిండా ఈత కొలను పక్కన, బట్టలు మార్చుకునే గదుల్లో నేల తుడుస్తోంది. శనివారం పొద్దున పిల్లలకి ఈత నేర్పుతారు కాబట్టి వాళ్ళు రాకముందే నేలంతా ఆరిపోవాలి. తుడుపుకర్రని ముందుకి తోస్తే కుడి తుంటి కలుక్కుమంటుంది, వెనక్కి లాగితే ఊరుకుంటుంది. అందుకని ఎక్కువ వెనక్కి లాగుతూనే తుడుస్తుంది. చూసేవాళ్ళకి ఎవరినో చూసి జడిసి వెనక్కి వెనక్కి పోతున్నట్టుంటుంది. అరవై దాటిన మనిషి. పొట్టి, వెడల్పు భుజాలు, తాడు కట్టి మెళ్ళో వేసుకున్న కళ్ళజోడు. బ్లీచింగ్ నీళ్ళకి వేళ్ళ కొసలు పగిలి ఉంటాయి. మిరపకాయలు తాకిన రోజున ఆ పగుళ్ళు భగ్గుమంటాయి, ఆ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పదు.

ఇవాళ ఒళ్ళు ఇక్కడున్నా మనసు ఇంట్లో బకెట్లో నానుతున్న మొక్కజొన్నల మీదే ఉంది. రాత్రి సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి వదిలేసి వచ్చింది. ఈ ఊళ్ళో మనుషులు తినే మొక్కజొన్నలన్నీ తీపివి, డబ్బాల్లోవి, పిండికి పనికిరావు. వచ్చిన కొత్తలో ఆమె కొట్టుకొట్టుకీ తిరిగి, చివరికి రైతుల సామాన్లు అమ్మే చోట పావురాల దాణా బస్తాలో గట్టి గింజలు చూసి అక్కడే నిలబడి ఏడ్చింది. కొట్టువాడు పావురం చచ్చిపోయిందేమో అనుకుని పాపం మంచినీళ్ళిచ్చాడు. సున్నం వియత్నాం వాళ్ళ కొట్లో దొరికింది. తమలపాకుకి రాసుకునే సున్నమది. తమాలేలు చుట్టే మొక్కజొన్న పొత్తుల మీది రేకులు ఏటా కాలవ అవతలి పశువుల మేత చేలల్లో ఏరుకొచ్చి బాల్కనీలో ఆరబెడుతుంది.

జర్మనీలో ఈ ఊరు, వోల్ఫ్స్‌బర్గ్‌లోని కార్ల ఫ్యాక్టరీకి సముద్రం అవతల మా పువెబ్లాలో కూడా ఒక శాఖ ఉంది. అక్కడి ఇంజనీర్లు రెండు మూడేళ్ళకని పెళ్ళాం పిల్లలతో ఇక్కడికి వస్తారు, గడువయ్యాక పోతారు. పోయేవాళ్ళు వంటింట్లో మిగిలిన సరుకంతా హెర్లిండాకి ఇచ్చి పోవడం ఆనవాయితీ. పొగబెట్టిన ఎండుమిరపకాయలు, సగం వాడిన మసాలా సీసాలు, ఊరినుంచి తెచ్చుకున్న ఎండు ఆకులు అన్నీ ఆమె అలమరలోకి చేరతాయి. కొత్తగా దిగినవాళ్ళు మొదటి వారమే ఆమె తలుపు కొడతారు. అసలైన రుచి కావాలంటే హెర్లిండా ఇంటికే వెళ్ళాలని ఎవరో ఒకరు చెప్పి పంపుతారు. ఆమె కూడా ఒక ఇంజనీరు పిల్లల్ని ఆడించడానికి వచ్చిన మనిషే. ఆ కుటుంబం వెళ్ళిపోయింది, ఆమె వెర్నర్ అనే బస్సు డ్రైవర్ని చేసుకుని ఉండిపోయింది. వెర్నర్ చనిపోయి చాలా కాలమైంది.

ఆమెతో పాటు ఉండిపోయినవాళ్ళు ఒక్క అంపారో, ఆమె మొగుడు ఫిదెన్సియో. హెర్లిండా ఉండే మేడలోనే కింది అంతస్తులో ఉంటారు. అంపారో కూతురి జ్ఞానస్నానంలో బిడ్డని ఎత్తుకున్న జ్ఞానమాత హెర్లిండానే. మా వాళ్ళలో అది రక్తసంబంధం కంటే తక్కువేం కాదు. అప్పట్నించీ వీళ్ళిద్దరూ వదినా అంటే వదినా. ఫిదెన్సియో ఈ ఏడు రిటైరయ్యాడు. ఇవాళ సాయంత్రం రైలుకి బయల్దేరి, విమానమెక్కి, పువెబ్లా పక్కనున్న సొంతూరు చొలూలాకి వెళ్ళిపోతున్నారు, ఇక రారు.

ఎండాకాలంలో అంపారో అడిగింది. "నువ్వూ వచ్చెయ్ వదినా. మా అక్క ఇంటి అరుగు మీద చిన్న హోటల్ పెడదాం. నువ్వు వండు, నేను వడ్డిస్తా." హెర్లిండా వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆకులు రాలాయి, చలి దిగింది. అంపారో నెమ్మదిగా వదినా అనడం మానేసి, అందరిలాగే "హెర్లిండా గారూ" అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు హెర్లిండాకి తుంటి నొప్పి కంటే ఎక్కువ బాధగా ఉంది. ఈ కోపంతోనే మనిషి వెళ్ళిపోతుందేమోనని భయం. తనకి మాటలు రావు కాబట్టి తమాలేలు చేసి దారికి మూట కట్టివ్వాలనుకుంది. మొక్కజొన్న ముద్దలో మాంసమూ కారమూ పెట్టి, రేకులో చుట్టి, ఆవిరికి పెట్టే తమాలేలంటే అంపారో చెవి కోసుకుంటుంది.

పని ముగించుకుని దారిలో మాంసం కొట్టుకి వెళ్ళింది. ఇక్కడ పంది కొవ్వులో ఉల్లిపాయలూ ఆపిల్ ముక్కలూ వేసి రొట్టె మీదకి అమ్ముతారు. కొట్టావిడ అలవాటుగా, "ఉత్తదే కదా?" అని లోపల్నించి తెచ్చిచ్చింది.

ఇంటికొచ్చేసరికి యారెలి మెట్ల మీద కూర్చుని ఉంది. కిందటి నెలలోనే దిగిన ఇంజనీరు భార్య. చలికి ముక్కు ఎర్రబడిపోయింది, నోటికి మాత్రం ఏ చలీ లేదు.

"అత్తా, చేతిమర నేను తిప్పుతా. జిమ్ముకి డబ్బులు దండగ."

గింజల పొట్టు వేళ్ళ మధ్య జారిపోతోంది. సరిగ్గా నానాయి. యారెలి రొప్పుతూ తిప్పింది, పిండి కొంచెం ముతగ్గా వచ్చింది. హెర్లిండా కొవ్వు గిలకొట్టి, పిండిలో కలిపి, చిన్న ఉండ చేసి నీళ్ళలో వేస్తే తేలింది. రేకులు పరిచి, పిండి రాసి, నడుమ మోలె పెట్టి మడిచారు. మిరపకాయలూ గింజలూ పళ్ళూ నూరి వండిన ఆ నల్లటి గుజ్జు ఆమె నిన్ననే చేసిపెట్టింది. పెద్ద కుండ అడుగున నీళ్ళు పోసి మా దేశపు పాత పెసో నాణెం ఒకటి పడేసింది. నీళ్ళున్నంతసేపూ అది గలగలమంటుంది.

నాణెం గలగలమంటూనే ఉంది. ఉడకాల్సినంత సేపూ అయింది. ఒకటి విప్పి చూసింది. పిండి రేకుని వదల్లేదు, జిగురుగా అంటుకుంది. మళ్ళీ కాసేపాగి ఇంకొకటి విప్పింది. అదే తీరు.

ఫిదెన్సియో పైకొచ్చాడు. పెట్టెలు తూచే చేతికాటా ఇంకా చేతిలోనే ఉంది.

"అయ్యాయా అమ్మా?"

"పచ్చిగా ఉన్నాయన్నయ్యా."

ముగ్గురూ కుండ వంక చూశారు. మా వాళ్ళెవరికైనా ఇక్కడ చెప్పక్కర్లేదు. వంటింట్లో ఎవరైనా కడుపులో కోపం పెట్టుకుంటే తమాలేలు ఉడకవు. నీళ్ళు పొయ్యి, మంట పెంచు, ఏం చేసినా అంతే.

"నువ్వేనా?" అన్నాడు ఫిదెన్సియో యారెలితో. "మీ ఆయన మీదేమైనా..."

"ఆయన మీద కోపం రోజూ ఉండేదేగా మావయ్యా! నిన్న కూడా ఉంది, నిన్న పప్పు బానే ఉడికింది."

"అయితే నువ్వు కాదు."

రేకులు చీల్చి కుండకి రెండు వైపులా చెవుల్లా ముడేశారు. మాటలు లోపలికి పోకుండా అది ఒక కట్టుబాటు. తర్వాత కుండ ముందు ఎగరాలి. ఫిదెన్సియో కాటా పక్కన పెట్టి, నడుం మీద చేతులేసుకుని బొజ్జ ఊపుతూ రెండు గిరకలు తిరిగాడు. యారెలి చప్పట్లు కొట్టింది. హెర్లిండా నవ్వింది కానీ కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. ఇంకొకటి విప్పారు. పచ్చిదే.

"ఇంక దాచి లాభం లేదు," అని ఫిదెన్సియో మెట్ల దగ్గరికి పోయి కిందికి కేకేశాడు. "ఏమే! పైకి రా! నీ మూలంగా మేమంతా పస్తు!"

అంపారో వచ్చింది. అప్పుడే కోటు తొడుక్కుంది. పొడుగాటి మనిషి, ప్రయాణానికని జుట్టుకి కొత్తగా రంగు వేయించుకుంది, నుదుటి మీద ఆ మరక ఇంకా పోలేదు. గుమ్మంలోనే నిలబడి కుండనీ దాని చెవులనీ చూసింది.

"నాకే కోపం," అంది. "నేనే. సరేనా? ఎండాకాలంలో అడిగాను. వస్తానను, లేకపోతే రానను. గోడని అడిగినా ఈపాటికి ఒక పెచ్చు రాల్చేది!"

ఫిదెన్సియో యారెలి భుజం తట్టి, "పద, పెట్టెలు దించుదాం," అని తీసుకుపోయాడు.

హెర్లిండా చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"నా వంట అక్కడ చెల్లదు వదినా."

"నీ వంటా? ఈ ఊళ్ళో దిగిన ప్రతివాడూ నీ గుమ్మం ముందేగా పడుండేది!"

"ఈ ఊళ్ళో. మా అమ్మ సంవత్సరీకానికి నేను ఊరెళ్ళాను గుర్తుందా? పూజైపోయాక నేనే మోలె వండాను, ఎవర్నీ గరిటె ముట్టుకోనివ్వలేదు. మా చెల్లి కసిల్దా ఒక ముద్ద తిని, 'బాగుందక్కా, ఇది జర్మనీ వంటా?' అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. పిల్లలైతే పరదేశం కూర భలే ఉందని వేళ్ళు నాక్కున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఔనన్నాను. జర్మనీ వంటే అన్నాను."

ఇంతకాలం ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరి నుంచి వచ్చాక కూడా జనం తలుపు కొట్టారు, అసలు రుచి అన్నారు, ఆమె తలాడిస్తూ గిన్నెలు నింపి పంపింది. పంపిన ప్రతిసారీ దొంగసరుకు అమ్మినట్టు సిగ్గుపడింది.

అంపారో కోటుతోనే కుర్చీలో కూలబడింది. "ఏమేశావు అందులో?"

"ఇక్కడ వేసేవే. మాడ్చిన నల్ల రొట్టె. ముగ్గిన కూర అరటికి బదులు ప్లమ్ జాం. మొదట్లో అది దొరక్క వేశాను. తర్వాత దొరికినా ఇదే అలవాటైపోయింది."

"ప్లమ్ జాం," అంది అంపారో. తర్వాత నవ్వు మొదలై అది మధ్యలోనే ఏడుపయింది. "కిందటేడు మా అక్క మోలె పెట్టింది. అందరూ ఆహా ఓహో. నాకేమో ఏదో తక్కువైంది. ఏం తక్కువైందో తెలియక ఒంట్లో బాలేదేమో అనుకుని మాత్ర వేసుకున్నా. జాం తక్కువైందే తల్లీ! మా అమ్మ వంట ఎట్లా ఉండేదో నాకిప్పుడు గుర్తే లేదు. నా నోటికి మా ఊరి వంటంటే నీదే. అక్కడికి పోయాక నాకెవరు వండుతారు? అందుకే రమ్మన్నా. హోటలూ లేదు గాడిదగుడ్డూ లేదు."

హెర్లిండా వచ్చి ఆమె ముందు నిలబడింది. కూర్చున్న అంపారో, నిలబడ్డ హెర్లిండా ఒకే ఎత్తున్నారు.

"నేను రాను వదినా," అంది హెర్లిండా. "వెర్నర్ ఇక్కడున్నాడు. నాకూ ఇక్కడే అలవాటు. నువ్వు లేకపోతే ఏం బాగోదు, చాలా దిగులుగా ఉంటుంది. అయినా రాను."

"ఈ ముక్క ఎండాకాలంలోనే చెప్పి చావొచ్చు కదా వదినా," అంది అంపారో, కోటు చేతితో ముక్కు తుడుచుకుంటూ.

ఫిదెన్సియోతో తిరిగొచ్చిన యారెలి కుండ మూత తీసింది. రేకు పట్టుకుని లాగితే తమాలే మొత్తం నున్నగా ఊడొచ్చింది. కోపం దిగిందనుకున్నా, ముతక పిండికి ఇంకాస్త సేపు పట్టిందనుకున్నా ఎవరిష్టం వాళ్ళది. వేడివేడివి నలుగురూ నిలబడే తిన్నారు. మిగిలినవి హెర్లిండా గుడ్డలో మూట కట్టింది.

అంపారో అలమర తెరిచి ప్లమ్ జాం సీసాలు ఉన్నవన్నీ చంకలో పెట్టుకుంది.

"ఇదేంటే?" అన్నాడు ఫిదెన్సియో. "పువెబ్లాలో ప్లమ్ పళ్ళు దొరకవా?"

"దొరుకుతాయి. ఇట్లా ఉండవు."

"ఇన్నేళ్ళూ అక్కడి మిరపకాయల కోసం ఇక్కడ దేవులాడి చంపావు. ఇప్పుడు ఇక్కడి జాం అక్కడికి మొయ్యాలా? బరువు అయిపోయింది, ఇంక ఆవగింజ కూడా పట్టదు!"

అంపారో మెట్లు దిగింది. కింది మెట్ల మలుపులో పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని పెద్ద పెట్టె తెరిచి, తువ్వాల్లో చుట్టిన బరువేదో రెండు చేతులతో ఎత్తి, గోడ పక్కన పెట్టింది. తువ్వాలు మాత్రం విప్పి జాం సీసాలకి చుట్టింది. ఫిదెన్సియో గోడ పక్కకి ఒకసారి చూశాడు. పెట్టెని కాటాకి తగిలించి ఎత్తాడు. సరిపోయింది.

"మోలె ఎలా నూరాలో చెప్పు," అంది అంపారో, వెనకే దిగిన హెర్లిండాతో.

"రొట్టె బాగా మాడాలి. జాం చివర్లో. పుల్లగా ఉందని చక్కెర వెయ్యకు."

"వెయ్యను వదినా."

కింద టాక్సీ హారన్ కొట్టింది. ముద్దులు పెట్టుకున్నారు, పెట్టెలు దొర్లుకుంటూ దిగాయి. వీధి తలుపు ఒకసారి మూసుకుని, మూట మర్చిపోయి మళ్ళీ తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. యారెలి కళ్ళు ఒత్తుకుంటూ గిన్నెలు కడగడానికి పైకెళ్ళింది. హెర్లిండా మెట్ల కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడింది.

మలుపులో, గోడ పక్కన, పెట్టెలోంచి తీసేసిన అంపారో నాయనమ్మ నాటి సన్నికల్లు మూడు పొట్టి కాళ్ళ మీద నిలబడి ఉంది. నల్లటి రాయి, నడుమ అరిగి పల్లమైంది, పొత్రం దాని మీదే అడ్డంగా పడుకుని ఉంది.