ఊడ్చని పెరడు

మా అమ్మ పెరడు ఊడ్చిందంటే నేల మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు. తెల్లారకముందే లేచి, బాదం చెట్టు రాల్చిన ఆకులన్నీ గోడ మూలకి చేర్చి, చీపురు గీతలు చెరగకుండా వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. మోకాళ్లు అరిగాక వంట పోయింది, బజారు పోయింది, బట్టలు ఉతకడం పోయింది. మిగిలింది ఆ పెరడొక్కటే. దాని జోలికి ఎవరైనా వస్తే ఒంటికాలి మీద లేచేది.

అలాంటి పెరట్లోకి మా వదిన పర్మాకల్చర్ తెచ్చింది.

తను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక వదిన కొన్నాళ్లు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. తర్వాత ఫోన్లో ఈ కోర్సు దొరికింది. అడవి తనని తాను ఎలా సాక్కుంటుందో చూసి, తోటని కూడా అలా అమర్చుకోవడమట. చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి, కూరలు తరుగుతూ పాఠాలు వినేది. అందులో టోపీ పెట్టుకున్న టీచరమ్మ ఎంత చెబితే అంత. చాలా రోజులకి వదిన మొహంలో కళ కనిపించేసరికి అన్నయ్య కిక్కురుమనలేదు. నేనూ సంతోషించాను.

రాలిన ఆకు తియ్యకూడదనే పాఠం వచ్చిన రోజున వదిన అమ్మ దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, ఇక పెరడు ఊడవకండి. ఆకులు నేలకి తిండి. మనం ఊడ్చేసి దాన్ని పస్తు పెడుతున్నాం."

"పస్తున్న నేలేనా ఇంత చెట్టుని పెంచింది?" అంది అమ్మ.

వదిన నవ్వేసి, చీపురు తీసుకెళ్లి అటక మీద పెట్టింది. అటక అమ్మకి అందదు.

ఆ ఆదివారం నేను పుట్టింటికి వెళ్లేసరికి వదిన తోట పటం గీసి బల్ల మీద పరిచింది. తోటలో ప్రతిదీ కనీసం మూడు పనులు చెయ్యాలని మాకు వివరించింది. కోడి ఉందనుకోండి, గుడ్డు పెడుతుంది, పురుగుల్ని తింటుంది, ఎరువిస్తుంది. అమ్మ కళ్లజోడు సవరించుకుని పటమంతా వెతికింది.

"మరి ఇందులో నేను చేసే పనేంటమ్మా?"

"మీరా? ఇన్నాళ్లూ చేసింది చాలదా అత్తయ్యా? హాయిగా కూర్చోండి" అని, చెట్టు నీడలో ఒక కుర్చీ గీసింది వదిన.

ప్రేమగానే అంది. నా బాధంతా అదే. గయ్యాళితనంతో అనుంటే నేను కొంగు బిగించి పోట్లాడేదాన్ని.

అమ్మ యథాప్రకారం చీకటితోనే లేచేది. వెనక గుమ్మంలో మెట్టు మీద కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని ఆకుల్ని చూసేది. కొన్నాళ్లకి ఆలస్యంగా లేవడం మొదలైంది. తిండి తగ్గింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి "వయసండీ" అన్నాడు. వానలు వెనకబట్టేసరికి మంచాన పడింది.

పెరడు మాత్రం కళకళలాడిపోయింది. మట్టి నల్లబడింది, గోడ నిండా చిక్కుడు పాకింది. నాకు ఆ చిక్కుడుకాయలు గొంతు దిగేవి కావు.

కోర్సు ఆఖర్లో, పెరట్లో ఎవరు ఎటు నడుస్తారో గీసి పంపమన్నారు. వదిన నా పక్కన కూర్చుని అన్నయ్య దారి గీసింది, తన దారి గీసింది. గుమ్మం నుంచి గోడ మూలదాకా అమ్మ ఊడుస్తూ నడిచిన దారి కూడా గీద్దామని పెరట్లోకి చూస్తే, దాని మీద ఆకులు మెత్తగా పరుచుకుని ఉన్నాయి. పెన్సిల్ పక్కన పడేసి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

అప్పటికప్పుడు అటకెక్కి చీపురు దించింది. బూజు దులిపి అమ్మ మంచం దగ్గరికి తెచ్చింది.

"అత్తయ్యా, గుమ్మం దగ్గర్నుంచి చెట్టుదాకా ఇకనుంచి మీదే. మిమ్మల్ని నేను పట్టుకుంటాను, రోజూ కాస్త ఊడ్చుకుందురు గానీ. రండి."

అమ్మ చీపురుని వేళ్లతో తడిమింది. మళ్లీ వదిన చేతిలోనే పెట్టేసింది.

"వద్దమ్మా. అవి నేలకి తిండి కదా. నేను ఊడిస్తే పస్తుంటుంది."

దెప్పుతోందేమోనని మొహంలోకి చూశాను. లేదు. టీచరుకి పాఠం ఒప్పజెప్పే పిల్లలా, తప్పు లేకుండా చెప్పానా అన్నట్టు వదిన వంక చూస్తోంది.

వదిన చీపురు మంచం కోడుకి ఆనించింది. అమ్మ పోయేదాకా అది అక్కడే ఉంది.